ఇంటి వాసన

ఎండాకాలం వచ్చిందంటే నా షాపుకు పండగే. ఊరంతా చెమటలు కక్కుతుంటే ఫ్యాన్లు, కూలర్లు, బోరు మోటార్లు వరసబెట్టి కాలిపోతాయి. కాలినవన్నీ హనుమకొండలో ఒక సందు మొగదల ఉన్న నా దుకాణానికే వస్తాయి. మోటార్లకు రాగితీగ చుట్టడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. జనం తిట్టుకునే ఎండ కోసం నేను ఏటా ఎదురుచూసేవాణ్ణి. మొన్నటి ఎండాకాలం మాత్రం రావద్దని మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాను. హైదరాబాదు దవాఖానలో డాక్టరు నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచి, నా భార్య గ్రేస్ ఎండాకాలం దాటడం కష్టమని చెప్పాడు.

ఆ మాట గ్రేస్‌కు చెప్పలేదు. మా వైపు చెప్పరు. రోగం పేరు రోగికి తప్ప ఊరందరికీ తెలియడం మా దగ్గర మామూలే. కడుపులో పుండు, మందులతో మానుతుందని ఆమెకు చెప్పాను. ఆరో తరగతి చదివే మా కీర్తనకూ అదే చెప్పాను. మా అమ్మ మార్తమ్మకు నిజం చెప్పి, అబద్ధం నేర్పాను. చర్చి నుంచి ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లు కూడా అదే పాఠం బుద్ధిగా ఒప్పజెప్పారు. మందు సీసాల మీది కాగితాలు నేనే గీకి పారేసేవాణ్ణి. ఇంత పకడ్బందీగా నా జీవితంలో ఇంకే పనీ చేయలేదు.

ఏం కావాలన్నా అడుగు, తెస్తా అంటే గ్రేస్ ఏదీ అడిగేది కాదు. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున నేను షాపుకు బయల్దేరుతుంటే, గడప దగ్గర కూర్చుని మెల్లగా అంది.

"నాకొక కుక్కపిల్ల గావాలె."

"ఏంది?"

"తెల్లగ, బొచ్చుబొచ్చుగ ఉంటది సూడు, పామేరియన్. కీర్తన ఎన్నేండ్ల సంది అడుగుతాంది."

నాకు కుక్కలంటే పడదు. చిన్నప్పుడు పరకాలలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడిచిన సూదులు ఇప్పటికీ గుర్తున్నాయి. కుక్క ఇంట్లోకొస్తే నేను బయటికి పోతానని పెళ్లయిన కొత్తలోనే చెప్పేశాను. పాపం, ఆమె మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. వేరే ఏదన్నా అడుగు అనబోయి మింగేశాను.

"తెస్త తియ్" అన్నాను.

గ్రేస్ నా మొహంలోకి కాసేపు చూసింది. తరువాత నవ్వింది. అడగ్గానే ఒప్పుకున్నానని సంతోషపడిందనుకున్నాను.

కుక్కపిల్లలు ఎక్కడ దొరుకుతాయని వెతకాల్సిన పని లేకపోయింది. పరకాల రోడ్డులో ఉండే వినోద అనే ఆమె కూలర్ మోటారు అప్పటికే నా బల్ల మీద ఉంది. ఆమె ఇంట్లో రెండు పామేరియన్లు ఉన్నాయని, ఏడాదికో ఈత కంటే ఎక్కువ వేయనియ్యదని, దుకాణాలకు అమ్మదని మోటారు తెచ్చిన ఆటో అతను చెప్పాడు. ఫోన్ చేశాను. ఇంటిల్లిపాదీ వస్తేనే మాట్లాడతానంది.

"సంబంధం సూసుకునేటట్టే ఉన్నది ఈమె కత" అని నేను సణుగుతుంటే గ్రేస్ అప్పటికే చీర మార్చుకుంటోంది.

వినోదకు యాభై దాటి ఉంటాయి. చెప్పులు బయట విడిపించింది, సబ్బుతో చేతులు కడిగించింది, అప్పుడు లోపలికి రానిచ్చింది. నేను బాగుచేసిన కూలరు ముందు పెద్ద అట్టపెట్టెలో పింకీ అనే తల్లి కుక్క పడుకుని ఉంది. దాని పొట్టకు నాలుగు పిల్లలు అతుక్కుని ఉన్నాయి. అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. నాకైతే ఎలుకల్లా కనిపించాయి. గ్రేస్ పెట్టె పక్కన కింద కూర్చుంది. పింకీ ఆమె చెయ్యి వాసన చూసి, ఆమె ఒళ్లో తల పెట్టింది.

వినోద మొదలుపెట్టింది. "మీది రేకుల ఇల్లా, స్లాబా?"

"స్లాబే. కూలర్ గూడ ఉన్నది."

"బొచ్చు కుక్క, మన ఎండకు ఆగది. మధ్యాన్నం బయట తిప్పేది లేదు. పగలు ఇంట్ల ఎవరుంటరు?"

"మా అమ్మ, గ్రేస్."

"నీకు ఇష్టమేనా తమ్మీ? వచ్చినప్పటి సంది గోడను ఇడుస్తలేవు."

కీర్తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వినోద దాని చేతికి గిన్నె ఇచ్చి, పింకీకి నల్లా నీళ్లు తెమ్మని పెరట్లోకి పంపింది. తరువాత నా వైపు తిరిగింది.

"పదమూడు, పద్నాలుగేండ్లు బతుకుతది ఇది. మీ బిడ్డ సదువుకు పోతది, మీ అమ్మ పెద్దమనిషి. అన్నేండ్లు సూసేదెవరు?"

"మా గ్రేస్ ఉన్నది గద" అన్నాను తడుముకోకుండా. చెప్పీ చెప్పీ నాలుక అరిగిపోయి ఉంది.

గ్రేస్ పింకీ చెవులు నిమురుతోంది. తల ఎత్తలేదు.

"నేనుండనక్కా" అంది. "ఈయనను అడుగు."

కూలరు తిరుగుతూనే ఉంది. వినోద ఒకసారి గ్రేస్ మణికట్టు చూసింది, వదులై మోచేతి దాకా జారిన గాజులు చూసింది. తరువాత నన్ను చూసింది.

"సూస్తవా తమ్మీ?"

అంతలో కీర్తన నీళ్ల గిన్నె ఒలకపోసుకుంటూ వచ్చింది. వినోద గిన్నె అందుకుని, "తొందరేం లేదు. రెండు నెలలు నిండందే నేను పిల్లను తల్లి దగ్గర్నుంచి తియ్య. అప్పుడు జెప్పు" అంది.

ఇల్లు చేరగానే కీర్తన కుక్కపిల్లల ముచ్చట చెప్పడానికి నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది. నేను మెట్ల దగ్గరే గ్రేస్‌ను ఆపాను.

"నీకెవరు జెప్పిన్రు?"

"మీ అమ్మ."

"అమ్మ చెప్పిందా?"

"నోటితోని చెప్పలే. పెండ్లయిన కాడికెల్లి నన్ను 'ఏమే' అనుడు తప్ప ఇంకో పిలుపు లేదు ఆమెకు. క్రిస్మస్ ఎల్లంగనె నా కాళ్లు ఒత్తుకుంట 'బిడ్డా' అన్నది. అప్పుడే అనుకున్న. ఇగ కుక్కపిల్లను తెమ్మంటె నువ్వు గూడ తెస్తనంటివి. ఇంకేం అనుమానం ఉంటది?"

నేను మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఇన్నాళ్లూ ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె మా నాటకం చెడిపోకుండా కూర్చుని చూస్తోందన్నమాట. గ్రేస్ నా పక్కన కూర్చోవడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"కీర్తనకు నేనే చెప్త" అంది. "నువ్వు చెప్పకు. నీకు అబద్ధమే మంచిగొస్తది."

మర్నాడు షాపు తెరవకుండా ఒక్కణ్ణే వినోద ఇంటికి వెళ్లాను. నా మూర్ఖత్వానికి అదే సమయం దొరికింది. పిల్లను ఇప్పుడే ఇయ్యమని అడిగాను. పాలు నేను పోస్తా, రాత్రి నేను లేస్తా, ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాను.

"ఇయ్య" అంది వినోద.

"ఆమెకు అంత టైం లేదక్కా."

"తెలుస్తాంది తమ్మీ. అయినా ఇయ్య. ఇట్లనే ఒకాయన బిడ్డ పుట్టినరోజని బతిలాడితె నెల పిల్లను ఇచ్చిన ఒకసారి. వారానికే నెత్తురు విరోచనాలు పట్టి సచ్చింది. ఆ చిన్నపిల్ల ఫోన్ల ఏడ్సిన ఏడుపు నాకింకా ఇనస్తాంది. నీ ఇంట్ల ఇప్పుడు అది గూడ కావాల్నా?"

నేను చెప్పులు వేసుకున్నాను.

"ఆమెనే ఈడికి తీస్కరా. రోజు తీస్కరా. నేనొద్దన."

రాతి మనిషి అని పళ్లు కొరుక్కుంటూ బండి తీశాను. తిరిగి వస్తుంటే చౌరస్తాలో ఒకతను ఎండలో పంజరాలు పెట్టుకుని కుక్కపిల్లలు అమ్ముతున్నాడు. ఆగాను. తెల్లటి పిల్ల ఒకటి అరచేతిలో పెట్టాడు. అది కదలకుండా పడుకుంది. దాని పొట్ట కాలుతోంది. అయినా సరే తీసుకుందామనే అనుకుని గ్రేస్‌కు ఫోన్ చేశాను.

ఆమె ఒకటే అడిగింది. "తల్లేది?"

"రోడ్డు మీద తల్లెక్కడుంటది?"

"తల్లెక్కడున్నదో తెల్వని పిల్లను తేకు, కీర్తన డాడీ. ఆడ్నే పెట్టి ఇంటికి రా."

ఆ తరువాత సాయంత్రం ఎండ తగ్గగానే ఆటోలో వినోదక్క ఇంటికి పోవడం మాకు అలవాటైంది. అప్పటికి నేను కూడా అక్కా అని పిలవడం నేర్చుకున్నాను. గ్రేస్ దిండు ఆనుకుని పెట్టె పక్కన కూర్చునేది. కుడి చెవి మీద గోధుమరంగు మచ్చ ఉన్న చిన్న పిల్ల ఒకటి మిగతావాటి కిందపడి నలుగుతూ, ఎట్లాగో పాకి ఆమె చీర అంచు పట్టుకునేది. దానికి మన్నా అని పేరు పెట్టింది. ఎడారిలో ఆకలేసినప్పుడు దేవుడు కురిపించింది మన్నానే కదా అని కీర్తనకు కథ చెప్పింది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. కుక్కలున్న గదిలోకి ఇంకా అడుగుపెట్టేవాణ్ణి కాదు.

ఒకరోజు వినోదక్క, "చెల్లె, రేపొచ్చేటప్పుడు నువ్వు కట్టుకున్న పాత బట్టేదన్న తీస్కరా. ఉతికింది వద్దు" అంది.

"ఎందుకక్కా?"

"పిల్లల కింద పరుస్త. తల్లి వాసన, తోడబుట్టినవాటి వాసన గుడ్డకు పడుతది. మీ ఇంటి వాసన పిల్లకు అలవాటైతది. పిల్లను ఇచ్చిననాడు గుడ్డ గూడ ఇచ్చి పంపుత. అందరికి గట్లనే చేస్త. కొత్త జాగల భయపడకుంట పంటది."

మర్నాడు గ్రేస్ ఒంటి మీదున్న నీలిపూల వాయిల్ చీర విప్పి, కొంగు వైపు నుంచి ఒక పెద్ద ముక్క చించింది. అది ఆమెకు ఇష్టమైన చీర. పాతది ఇంకేదీ లేదా అంటే వినిపించుకోలేదు.

ఆ సాయంత్రమే గుడ్డను మన్నా కింద పరుస్తూ అడిగింది. కీర్తన ఆమె ముందు కూర్చుని ఉంది, దాని జడ సగం వేసి ఉంది.

"తల్లిని ఇడిసినంక ఎన్నొద్దులు ఏడుస్తదక్కా?"

"రెండు మూడు రాత్రులు. గుడ్డ ఉంటె జర నయం."

"ఏడ్వకపోతె?"

"ఏడ్వకపోతెనే ఫికర్ చెయ్యాలె. తిండి మానేసి మూల పంటది. ఏడ్సేదాన్ని ఏడ్వనియ్యాలె, పక్కన ఎవరన్న ఉంటె సాలు."

గ్రేస్ తల ఊపి జడ అల్లడం పూర్తి చేసింది. కుక్కపిల్ల గురించి ఎన్ని ప్రశ్నలో అని నేను బయట కూర్చుని విసుక్కున్నాను.

కీర్తనకు ఆ వారమే చెప్పింది. ఇద్దరూ వినోదక్క పెరట్లో జామచెట్టు కింద కూర్చున్నారు. దూరం నుంచి నాకు గ్రేస్ పెదవులు కదలడం, కీర్తన చెప్పు కొసతో మట్టి గీకడం మాత్రమే కనిపించాయి. ఆటోలో గ్రేస్ నా చెవి దగ్గర అంది, "చెప్పిన. ఏడ్వలే. సరే అన్నది. నాకదే భయమైతాంది."

ఈస్టర్ నాటికి ఆమె లేచి నిలబడటం కూడా మానేసింది. అయినా తెల్లవారుజామున సమాధుల తోటకు వస్తానని పట్టుబట్టింది. మా అత్తామామల సమాధుల మీద కీర్తన కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆటోలోంచే చూసింది. పక్కనున్న ఖాళీ జాగా కూడా చూసింది. "ఈడ గాలి మంచిగొస్తాంది" అంది. ఆ మాటకు మా అమ్మ ఆటో వెనక్కు పోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ వారమే పోయింది. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. ఊళ్లో వాళ్లందరి ఫ్యాన్లూ తిప్పినవాణ్ణి, నా భార్యకు అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. మా అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మన్నాకు అప్పటికి రెండు నెలలు నిండలేదు.

నలభై దినాల ప్రార్థనకు ముందు ఇల్లు కడగడం, సున్నం వేయడం మా దగ్గర ఉన్నదే. పోయిన మనిషి బట్టలు, పరుపు లేనివాళ్లకు ఇచ్చేస్తారు. అమ్మ, చర్చి ఆడవాళ్లు బీరువా తెరిచి ఒక్కొక్క చీరే మడత పెడుతుంటే నేను బయటికి నడిచాను. అమ్మ వెనకనే వచ్చింది.

"ఒక్కటన్న ఉంచుకో కొడుకా."

"ఏం వద్దు. అన్ని తీసెయ్యుండ్రి. నా కండ్లకు కనపడొద్దు."

దుప్పట్లు, దిండ్లు, చివరికి ఆమె దువ్వెన కూడా పోయాయి. ఇల్లంతా ఫినాయిల్ వాసన, సున్నం వాసన. కీర్తన తలుపు పట్టుకుని అంతా చూసింది. తల్లి చీర ఒక్కటి కావాలని అడగలేదు. అసలు ఏదీ అడగడం మానేసింది. పెట్టింది సగం తిని, గోడ వైపు తిరిగి పడుకునేది. పిల్ల ఎంత గట్టిదో అని వచ్చినవాళ్లు మెచ్చుకుని పోయారు. నేనూ అట్లాగే అనుకుని ఊరుకున్నాను, తండ్రినై ఉండి.

జూన్‌లో మొదటి వాన పడ్డాక వినోదక్క ఫోన్ చేసింది. మిగతా మూడు పిల్లలూ వెళ్లిపోయాయి. మన్నాను మాత్రం ఎవరికీ ఇవ్వలేదట. వద్దని చెప్పడానికే వెళ్లాను. ఫోన్‌లో చెప్తే బాగుండదని వెళ్లాను, అంతే.

"నాతోని కాదక్కా. కుక్కను ముట్టాలంటెనే నాకు భయం. వేరే ఎవరికన్న ఇయ్యి" అన్నాను.

ఆమె బలవంతపెట్టలేదు. "మంచిది తమ్మీ. సూడలేనోనికి నేను గూడ ఇయ్య" అని లోపలికి వెళ్లి, ఒక గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పిల్లను తీస్కపోకున్నా ఇది తీస్కపో. మీ ఆమెది."

నీలిపూల వాయిల్ ముక్క. పాల మరకలతో అట్టకట్టి, అంచులు కుక్కపిల్లల పళ్లకు చిరిగి ఉంది. అది చేతిలో పడగానే మా ఇంటి ఖాళీ బీరువా నా కళ్లముందుకొచ్చింది. గ్రేస్‌ది మాకు ఇంకొక నూలుపోగు కూడా మిగల్లేదు. కనపడొద్దన్నది నేనే. అక్కడే వాకిట్లో గుడ్డను పట్టుకుని నిలబడిపోయాను. గుడ్డ వెంటే లోపలి నుంచి మన్నా వచ్చింది. చెవి మీద మచ్చతో, పిడికెడంత ఉన్నది కాస్తా దోసెడంత అయింది. దాని గుడ్డను ఎవరో ఎత్తుకుపోతున్నారని, వేలాడుతున్న కొసను నోట కరిచి వెనక్కు గుంజడం మొదలుపెట్టింది. నేను వదల్లేదు. అదీ వదల్లేదు.

వినోదక్క చాలాసేపు చూసింది.

"సూస్తవా తమ్మీ?"

"సూస్త."

ఇంటికొచ్చేసరికి కీర్తన మంచం మీద గోడ వైపు తిరిగి ఉంది. మన్నా ఉన్న బుట్ట కింద పెట్టాను. కీర్తన లేచి వచ్చింది. మన్నాను ముట్టుకోలేదు, కనీసం చూడలేదు. గుడ్డను చూసింది. మెల్లగా దాన్ని కుక్కపిల్ల కిందనుంచి లాగి ముక్కుకు ఆనించుకుంది.

"అమ్మ వాసన వస్తలేదు డాడీ" అంది. "కుక్క వాసనే వస్తాంది."

నాకూ అంతే వచ్చింది. ఆటోలో దారి పొడుగునా చూశాను. కీర్తన గుడ్డను తిప్పి ఇంకో కొస, మళ్లీ ఇంకో కొస వాసన చూసింది. కింద మన్నా కుయ్ కుయ్ మంటూ ఏడుపు అందుకుంది. కొత్త ఇల్లు, తల్లి లేదు, గుడ్డ కూడా లేదు. కీర్తన దాన్ని చూసింది. వంగి గుడ్డను దాని చుట్టూ కప్పింది, కప్పుతూనే మోకాళ్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. తల్లి పోయినప్పటి నుంచి దాని గొంతులోంచి రాని ఏడుపు అది. వంటింట్లోంచి మా అమ్మ "ఊకో బిడ్డా, ఊకో" అంటూ పరుగెత్తుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏడ్వనియ్యే" అన్నాను. నేను కూడా వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాను. మన్నా వణుకుతోంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

వినోదక్క చెప్పినట్టే మన్నా మూడు రాత్రులు ఏడ్చి మానేసింది. జడ అల్లుతూ గ్రేస్ అడిగిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది. కీర్తన ఏడుపు ఆ ఏటి వానలన్నీ వెలిసేదాకా ఆగలేదు. ఏడ్చినప్పుడల్లా నేను షాపు మూసి వచ్చి పక్కన కూర్చున్నాను.